పక్షుల డాక్టరు ఇక్కడ లేరు

మా ఇల్లు, వెనక గది
వానలకు ముందు

గువ్వా,

పిన్ని ఫోను చేయకుండా ఉత్తరం రాయడమేమిటా అనుకుంటావు. నా ఫోను బీరువాలో శాలువాల కింద నోరు మూసుకుని పడి ఉంది. నేనే పెట్టాను. ఎత్తితే చాలు, "పక్షుల క్లినిక్కేనాండీ? మా చిలుక గింజలు ముట్టడం లేదండీ" అంటున్నారు. కాదండీ అంటే, "ఇదే నంబరు చూపిస్తోందే" అని నాతోనే వాదన. నా ఇంట్లో నేనెవరో నాకే నేర్పుతున్నారు.

ఫోను సంగతి సరే, శాలువాలున్నాయి కప్పడానికి. మనుషుల్ని దేనికింద పెట్టను? పొద్దున తలుపు తీస్తే మెట్ల మీద పంజరాలు. నిన్న ఒక పెద్దాయన పావురాన్ని టోపీలో పెట్టుకుని వచ్చాడు. మొన్న ఒకావిడ, పాలవాడికి తలుపు తీసిన సందులోంచి లోపలికొచ్చేసి, నా సోఫా మీద కూర్చుని, "డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా" అని నన్నే అడిగింది. వీళ్ళంతా మీ అమ్మ క్లినిక్కుకు వెళ్ళాల్సినవాళ్ళు. ఎప్పుడో నేనూ అక్కడే పని చేశాను కాబట్టి మీ మెషీన్లేవో మా ఇద్దర్నీ కలిపి ఒకే ముద్ద చేసి ఉంటాయి.

ఈ ఊళ్ళో దుకాణాల సమాచారం, క్లినిక్కుల సమాచారం సరిచూసే ఉద్యోగం నీదే కదా. కాస్త సరిచూడు తల్లీ.

చూపు లేని విద్యార్థుల కోసం నేను పుస్తకాలు చదివి రికార్డు చేస్తున్నానని నీకు తెలుసు. ఇప్పుడు చేతిలో ఉన్నది న్యాయశాస్త్రం. పరీక్షల లోపు పూర్తి కావాలి. సాక్షుల గురించిన అధ్యాయం గుక్క తిప్పుకోకుండా చదువుతుంటే బయటినుంచి ఒక చిలుక "తలుపు తియ్, తలుపు తియ్" అంది. నేను గమనించకుండా పంపేశాను. ఆ రికార్డింగులు తీసుకునే సంస్థవాళ్ళు ఎంతో మర్యాదగా అడిగారు, ఆ రెండో గొంతు ఎవరిదని.

మీ అమ్మకు ఇదంతా చెప్పకు. మేమిద్దరం మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. ఈ చిలుకల పుణ్యమా అని మొదలుపెట్టే ఉద్దేశం నాకు లేదు.

నీ పిన్ని


సమాచార కేంద్రం, కిటికీ పక్క టేబుల్

పిన్నికి,

నీ ఉత్తరం చూసి మా ఆఫీసులో అందరూ నా చుట్టూ చేరారు. ఇక్కడికి చేత్తో రాసిన ఉత్తరం రావడం ఇదే మొదలు. ఒకతను కవరు వాసన కూడా చూశాడు.

చూస్తాను పిన్నీ. తప్పకుండా చూస్తాను. కాకపోతే ఇది ఇక్కడ కూర్చుని ఒక్క మీట నొక్కితే పోయేది కాదు. మూలంలో మారాలి. కొంచెం టైం పడుతుంది.

ఈ లోపల గుమ్మానికి ఒక బోర్డు పెట్టు. జనం చదువుకుని వెళ్ళిపోతారు. అమ్మ బాగానే ఉంది. నీ దగ్గు తగ్గిందా?

నీ గువ్వ


వెనక గది
మొదటి వాన పడిన వారం

గువ్వా,

బోర్డు పెట్టాను. నీ సలహా చల్లగుండ. "పక్షుల డాక్టరు ఇక్కడ లేరు" అని పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు తగిలించాను. జనం చదివారు. చదువుకుని కూర్చున్నారు. "లేరని ఉంది కదమ్మా" అంటే, "బయటికి వెళ్ళి ఉంటారు, వచ్చేదాకా ఆగుతాం" అన్నారు. బోర్డు లేనప్పుడు అడ్రసు గురించి అనుమానమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. పక్షుల డాక్టరు మాట బోర్డు మీదే ఉంది కదా.

నువ్వు చూస్తాను చూస్తాను అంటున్నావు గానీ నాకు ఓపిక చచ్చిపోయింది. నేనే బయలుదేరాను. మన వీధి చివర పక్షుల గింజలు అమ్మే దుకాణం ఉంది చూడు, వాళ్ళ ఫోను పేజీలో నా ఇంటి అడ్రసు మెరుస్తోంది. తీసెయ్యవయ్యా అన్నాను. "మేం రాయలేదండీ, మేం చూపిస్తామంతే" అన్నాడు. ఎక్కణ్ణుంచి చూపిస్తావయ్యా అంటే, పశువైద్యుల సంఘం వైపు వేలు చూపించాడు. అక్కడికి వెళ్ళాను. ఆ గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి, "మా దగ్గర అడ్రసులు ఉండవమ్మా, లింకులుంటాయి" అన్నాడు. ఆ లింకు ఎటు పోతుందంటే మ్యాపు వైపు. మ్యాపువాళ్ళ ఆఫీసులో మనిషే లేడు, గోడకో పెట్టె ఉంది, అందులో చీటీ వెయ్యమన్నారు. ఊళ్ళో అందరూ వేలు చూపించేవాళ్ళే తప్ప, ఇదిగో నా చెయ్యి అనేవాడు ఒక్కడూ లేడు.

తిరిగొచ్చేసరికి టోపీ పెద్దాయన మెట్ల మీదే ఉన్నాడు. ఈసారి పసుప్పచ్చ కెనరీ పిట్టతో. వెళ్ళమంటే వెళ్ళడు. దాని ముక్కు పెరిగిపోయి కొక్కెంలా వంగింది, నోరు మూత పడటం లేదు. దాని కూత ఆగితే నా రికార్డింగు మొదలవుతుందని ముక్కు కాస్త కత్తిరించి పంపేశాను. అంతే. వైద్యం ఏమీ చెయ్యలేదు. నువ్వు దీన్ని పెద్దది చెయ్యకు.

పిన్ని

మళ్ళీ చెబుతున్నాను, మీ అమ్మకు ఈ కెనరీ సంగతి అనవసరం.


సమాచార కేంద్రం

పిన్నికి,

ముక్కు కత్తిరించడం వైద్యం కాదన్నమాట. నాకు గోళ్ళు కత్తిరించినప్పుడు కూడా నువ్వు ఇలాగే, ఏమీ చెయ్యడం లేదని చెబుతూనే చేసేదానివి.

అందరూ వేలు చూపిస్తున్నారని కోప్పడ్డావు. అసలు ఈ ఏర్పాటే అది పిన్నీ. ఇదివరకు ప్రతి దుకాణంవాడూ, ప్రతి సంఘమూ క్లినిక్కు అడ్రసును తన దగ్గర కాపీ చేసి పెట్టుకునేవాళ్ళు. క్లినిక్కు మారితే ఒకరి దగ్గర కొత్తది, పదిమంది దగ్గర పాతది. ఇప్పుడు ఎవరి సంగతి వాళ్ళు ఒక చిన్న ఫైల్లో రాసి వెబ్‌లో పెడతారు. జేసన్-ఎల్‌డి అంటారు దాన్ని. చాలా తేలికైన పద్ధతి, పేజీ కూడా నిండదు. మీసాల్లా వంపు తిరిగిన బ్రాకెట్ల మధ్య ఎడమవైపు గడి పేరు, కుడివైపు అందులో సంగతి. పేరు, పని, ఎక్కడ, ఏ వేళలు, ఎవరు చూస్తారు, ఇలా. మనిషి చదివినా అర్థమవుతుంది, మెషీను చదివినా అర్థమవుతుంది. మిగతావాళ్ళు దాన్ని కాపీ చెయ్యరు, "అక్కడ చూసుకో" అని దాని చిరునామా పెట్టుకుంటారు. అక్కడ ఒక్క వరస మారిస్తే తెల్లారేసరికి అన్ని చోట్లా మారుతుంది.

ఇంకొకటి. ఆ గడుల పేర్లకు అర్థం ఏమిటో కూడా ఒక చోట రాసి ఉండాలి. ఫైలు మొదటి వరసలో ఆ చోటు చెప్పాలి. లేకపోతే ఒకరు "వేళలు" అంటే క్లినిక్కు తెరిచి ఉండే వేళలనుకుంటారు, ఇంకొకరు డాక్టరు భోజనం వేళలనుకుంటారు. అర్థం రాయని గడిని మెషీన్లు పట్టించుకోవు.

మాకు ఇది ఎంత సుఖమో చెప్పలేను. సొంతదారు రాసిందే మాట. పక్కవాళ్ళు మార్చలేరు, మేమూ మార్చలేం. సరైన మనిషి రాశారా లేదా అని మాత్రం చూసి సరే అంటాం.

రాత్రుళ్ళు ఆవిరి పట్టు, దగ్గు తగ్గుతుంది.

నీ గువ్వ


వెనక గది
ముసురు

గువ్వా,

నీ తేలికైన పద్ధతి గురించి చదివాను. ఎవరికి సుఖంగా ఉందో ఏమో, ఆ సుఖమంతా నా మెట్ల మీద వరస కట్టింది.

ఇంతకీ సొంతదారు ఎవరు? రెండు కాగితాలు నింపి, గడులన్నావు, బ్రాకెట్లన్నావు, మీసాలన్నావు, ఆవిరి పట్టమన్నావు. నా ఇంటి అడ్రసు అక్కడ రాసిన చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పలేదు. చిన్నప్పుడు నువ్వు గాజు గ్లాసు పగలగొడితే ముందు అల్మరా ఎంత ఎత్తో వివరించేదానివి. ఆ తరవాత నేల ఎంత నున్నగా ఉందో చెప్పేదానివి. గ్లాసు మాట చివరికి నేనే అడగాల్సొచ్చేది.

సరే, గ్లాసు మాట అడుగుతున్నాను. నిన్న పావురాన్ని తెచ్చినావిడ నా దగ్గరికి రాకముందు మీ అమ్మ క్లినిక్కుకే వెళ్ళిందట. తాళం వేసి ఉందంది. పేరు పలక కూడా లేదట, మేకుల గుర్తులు మాత్రం ఉన్నాయట. మీ అమ్మ జ్వరమొచ్చిన రోజున కూడా ఆ తలుపు తెరిచే మనిషి. ఏం జరిగింది?

ఆ పావురానికి రెక్క విరిగింది. నేను చూడలేదు. అంటే, చూశాను, కట్టలేదు. మందులేవో చెప్పి పంపేశాను. ఆవిడ మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూసిన చూపు నాకు నచ్చలేదు. సాయంత్రం ఒక్క పేజీ కూడా సరిగ్గా చదవలేకపోయాను.

నీళ్ళు నమలకుండా జవాబు రాయి.

పిన్ని


ఇంటి నుంచి, అమ్మ పడుకున్నాక

పిన్నికి,

రాసింది అమ్మే.

నీకు చెప్పనని మాటిచ్చాను. ఆ మాట ఈ ఉత్తరంతో పోయింది. నీ చేత తిట్లు తిన్నా ఫరవాలేదు గానీ, నీకు అబద్ధం రాస్తూ దగ్గు గురించి అడగడం నావల్ల కావడం లేదు.

అమ్మకు కుడి చెయ్యి వణుకుతోంది. నరాలకు సంబంధించింది, తగ్గదన్నారు. మందులతో కాస్త అదుపులో ఉంటుందట. మొదట్లో నాకు కనిపించకుండా బల్ల కింద పెట్టుకునేది. ఒకరోజు లవ్‌బర్డ్‌కు ఇంజెక్షను చెయ్యబోతూ ఆగిపోయింది. దాన్ని పంజరంలో పెట్టేసి, తెచ్చినవాళ్ళకు క్షమాపణ చెప్పి, తాళం వేసింది. మరునాడు పలక ఊడదీయించింది. నీకు చెబుదామన్నాను. "నీ పిన్నికి మాత్రం తెలియకూడదు" అంది.

ఆ తరవాత వేళలు మార్చాలి, ఫైలు ఎలా తెరవాలో చూపించమంది. చూపించాను. ఒక వేలితో టైపు చేసింది. నేను వంటింట్లోకి వెళ్ళొచ్చేలోపు వేళలకు బదులు నీ అడ్రసు పెట్టింది, నీ నంబరు పెట్టింది, "ఎవరు చూస్తారు" అన్న గడిలో నీ పేరు పెట్టింది. నేను చూడలేదు. మరునాడు ఆఫీసులో ఆ మార్పు నా టేబుల్ మీదికే వచ్చింది. సొంతదారు రాసిందా లేదా అన్నదే నేను చూడాలి. రాసింది సొంతదారే. నిన్ను అడిగిందా అని అడగడం నా ఉద్యోగంలో లేదు, కానీ నేను నీ కూతుర్ని కూడా. అయినా "సరే" అని నొక్కాను.

ఎందుకు నొక్కానంటే, ఊళ్ళో పక్షులు చూసే డాక్టరు ఇంకెవరూ లేరు. నువ్వున్నావు.

గువ్వ


వెనక గది

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. మీ అమ్మ చెయ్యి గురించి ఏం రాయాలో తెలియడం లేదు. అందుకే కోపం ముందు రాస్తాను, అది నాకు తేలిక.

మీ అమ్మకు సిరా లేదా? కాగితం లేదా? మా ఇంటికి బస్సు లేదా? గింజల దుకాణానికి చెప్పింది, పశువైద్యుల సంఘానికి చెప్పింది, మ్యాపుకు చెప్పింది, ప్రపంచంలో ఉన్న మెషీన్లన్నిటికీ చెప్పింది. నాకు తప్ప. ఎవరి ఇల్లో, ఎవరి గుమ్మమో, వాళ్ళకొక్క మాట చెప్పాలని తోచలేదు. ఎప్పుడూ అంతే. నా చదువు తనే నిర్ణయించింది, నా పని తనే నిర్ణయించింది, ఆ పనికి నేను పనికిరానని కూడా తనే నిర్ణయించింది.

నేను క్లినిక్కు వదిలేసిన రోజు సంగతి నీకు సగమే తెలుసు. గది నిండా జనం. నేను కాలు కట్టిన పిట్ట బల్ల మీదే చచ్చిపోయింది. కాలు విరిగి కాదు, లోపల ఇంకేదో ఉంది, అది మీ అమ్మకూ తెలుసు. అయినా అందరి ముందూ అంది, "వణికే చేతులతో ఈ పని చెయ్యకు, వెళ్ళి ఫోన్లు ఎత్తుకో" అని. నా చేతులు వణకలేదు గువ్వా. ఆ మాట విన్నాక వణికాయి. ఆ తరవాత మళ్ళీ ఏ పిట్టనూ పట్టుకోలేదు. మైకు ముందు కూర్చుంటే చేతులతో పనుండదని ఈ పని వెతుక్కున్నాను.

ఇప్పుడు తన చెయ్యి వణికితే నేను గుర్తొచ్చానా?

నెలాఖరులోగా ఆ ఫైల్లోంచి నా పేరు, నా ఇల్లు, నా ఫోను తీయించు. లేకపోతే మీ ఆఫీసుకు వచ్చి నీ పైవాళ్ళ ముందు కూర్చుని ఫిర్యాదు ఇస్తాను. సరే అని నొక్కిన వేలు ఎవరిదో కూడా చెబుతాను. నీ మీద కోపంతో కాదు, నాకు వేరే దారి కనిపించక.

పిన్ని


సమాచార కేంద్రం
వాన తెరిపిచ్చిన రోజు

పిన్నికి,

ఫిర్యాదు ఇవ్వడానికి నువ్వు రానక్కర్లేదు. నేనే మా పైఅధికారికి చెప్పేశాను. సొంత ఇంటి ఫైలును నువ్వే ఎలా చూశావని బాగానే చీవాట్లు పెట్టాడు. ఇకమీదట మన ఇంటి ఫైళ్ళు పక్క టేబుల్‌కు వెళ్తాయి. ఆ బెదిరింపు ఇక నీకు పనికిరాదు.

అమ్మతో మాట్లాడాను.

"పిన్ని తీసెయ్యమంటోందమ్మా" అన్నాను.

"అందులో తప్పేం రాశాను తియ్యడానికి?"

"అది పిన్ని ఇల్లు. అడగకుండా రాశావు."

"అడిగితే వద్దంటుంది."

"వద్దనే హక్కు ఉంది కదా."

"ఉంది. ఆ మాట దాన్నే అననివ్వు. నా మొహం మీదే అననివ్వు. నువ్వు అసలు నా కూతురివా, దాని కూతురివా?"

"ఇద్దరి కూతుర్ని" అన్నాను. ఆవిడ మొహం తిప్పుకుంది. చెయ్యి బల్ల కింద పెట్టుకుంది.

అమ్మ తియ్యదు పిన్నీ. నువ్వు ఇల్లుగలదానివి కాబట్టి నీ అభ్యంతరం మీద ఆ ఫైలును ఆపెయ్యొచ్చు. కాగితం తయారుగా ఉంది. నువ్వు ఊ అంటే పక్క టేబుల్ అతను నొక్కుతాడు. తెల్లారేసరికి అన్ని పేజీల్లోనూ "మూసివేశారు" అని వస్తుంది. నీ మెట్లు ఖాళీ. నీ న్యాయశాస్త్రం పరీక్షల లోపు పూర్తవుతుంది. ఆ పావురాన్ని ఆవిడ ఎక్కడికి తీసుకెళ్తుందో నాకు తెలియదు.

కానీ ఊ అనేముందు ఒక్కసారి ఆ ఫైలు చదువు. శాలువాల కిందినుంచి ఫోను తీస్తే కనిపిస్తుంది. నీ గుమ్మానికి వచ్చినవాళ్ళందరూ అది చదివే గంట కొట్టారు. ఊళ్ళో చదవనిది నువ్వొక్కదానివే.

గువ్వ


వెనక గది

గువ్వా,

ఫోను తియ్యలేదు. నువ్వు తియ్యమన్నావు కాబట్టే తియ్యలేదు.

కానీ ఉండబట్టలేకపోయాను. టోపీ పెద్దాయన వచ్చాడు, కెనరీ ఇప్పుడు బాగా తింటోందని చెప్పడానికి. ఏ పనీ లేకుండా నన్ను చూడటానికి వచ్చింది ఈ మధ్య ఆయనొక్కడే. "మీ ఫోన్లో నా గురించి ఏముందండీ?" అని అడిగాను. ఆయన విచిత్రంగా చూశాడు. "మీకు తెలియదామ్మా?" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చదివాడు.

"ఎవరు చూస్తారు: నా చెల్లెలు. చిన్న పక్షుల ఎముకలకు నాకంటే మంచి చెయ్యి. ఒకప్పుడు ఇదే క్లినిక్కులో అందరి ముందూ వేరే మాట అన్నాను. అది తప్పు."

బాగా చదివి డబ్బు తీసుకునేదాన్ని నేను. ఇంత అధ్వాన్నంగా చదవడం ఎక్కడా వినలేదు. మధ్యలో దగ్గాడు, "ఎముకలకు" దగ్గర వరస తప్పాడు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. ఆయనే అన్నాడు, "మొదటిరోజు మీరు కసిరినా నేను కదలకపోవడానికి ఇదే కారణమమ్మా, అక్కే ఇంత రాసిందంటే మీరు చూడకుండా పంపరనుకున్నాను" అని.

ఆయన వెళ్ళాక ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, బాగా ఏడ్చాను. ఇన్నాళ్ళూ గుమ్మం ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు, ఆ టోపీకీ తెలుసు, పావురం ఆవిడకూ తెలుసు. ఆవిడ అలా వెనక్కి తిరిగి ఎందుకు చూసిందో ఇప్పుడర్థమైంది. మర్నాడు గింజల దుకాణంలో ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్ళి ఆ రెక్క కట్టాను. మొదటి కట్టు వదులైంది. విప్పి మళ్ళీ కట్టాను. చేతులు వణికాయి, కానీ పని జరిగింది.

ఇదిగో, ఫైల్లో ఈ మార్పులు చెయ్యాలి. పక్క టేబుల్ అతనికి చెప్పు. నా ఫోను నంబరు తీసెయ్యాలి, అది చచ్చినా ఒప్పుకోను. వేళలు పొద్దున మాత్రమే, మధ్యాహ్నం నుంచి నేను చదువుకోవాలి. "ఎవరు చూస్తారు" దగ్గర ఇద్దరి పేర్లూ ఉండాలి. మీ అమ్మ చెయ్యి వణికితే వణికింది, కన్నుందిగా, నోరుంది. పిట్ట ఏం తింది, ఎక్కడ పడింది అని జనం చేత నిజం చెప్పించడం ఆవిడకు వచ్చినట్టు నాకు రాదు. ముందు గదిలో కూర్చుని ఆ పని చూసుకోమను. సొంత స్టూలు తెచ్చుకోమను, నా స్టూళ్ళ మీద పంజరాలున్నాయి.

ఇంకొకటి. నేను ఆవిణ్ణి క్షమించలేదు. అందరి ముందూ అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకుంది, బాగుంది. ఆ మధ్యలో పోయిన ఏళ్ళ మాటేమిటి? కాబట్టి అదీ రాయాలి. ఏదో ఒక గడిలో "చెల్లెలు ఇంకా క్షమించలేదు" అని ఉండాలి. ఊరంతా చదవాలి.

పిన్ని


సమాచార కేంద్రం

పిన్నికి,

నంబరు తీసేశారు. వేళలు మారాయి. రెండు పేర్లూ ఎక్కాయి. అమ్మే టైపు చేసింది, నీ పేరు పైన పెట్టి తన పేరు కింద పెట్టింది. పైనా కిందా అనే తేడా మెషీన్లకు లేదన్నా వినలేదు. స్టూలు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకుంది. సోమవారం బస్సుకు వస్తుంది. ఎన్నిసార్లు అడిగినా "ఊరికే చూసొస్తా" అంటోంది.

క్షమించలేదు అనే గడి మాత్రం లేదు పిన్నీ. వెతికాను. క్లినిక్కులకు లేదు, మనుషులకూ లేదు. కానీ ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది, లేని గడిని మనమే చేసుకోవచ్చు. ఎవరూ వద్దనరు. ముందే రాశాను కదా, దాని అర్థం ఏమిటో రాసి ఒక చోట పెట్టాలి, అంతే. "క్షమించలేదు" అంటే నీ ఉద్దేశంలో ఏమిటో ఒక వాక్యంలో రాసి పంపు. ఎవరు చదివినా ఒకేలా అర్థం కావాలి. వచ్చిన రోజే ఎక్కిస్తాం.

గువ్వ


ఇంటి నుంచి, ముందు గది
ఎండ వచ్చింది

గువ్వా,

జవాబు ఆలస్యమైంది. పొద్దున అని రాయించాను కదా, తెల్లారకముందే గంట కొడుతున్నారు. "పొద్దున" అనే మాటకు మీవాళ్ళు ఏం అర్థం రాసి పెట్టారో కాస్త చూసి పెట్టు, సూర్యుడు కూడా ఉండాలని చెప్పు. న్యాయశాస్త్రం ఇంకా మూడు అధ్యాయాలుంది. చిలుక గొంతు వినిపించిన ముక్క అలాగే ఉంచమన్నారు, విద్యార్థులకు అక్కడ నిద్ర ఎగిరిపోతోందట.

అక్క వస్తూనే నా ముందు గది అంతా మార్చేసింది. బల్ల కిటికీ దగ్గరికి జరిపింది, నన్నడగలేదు. వచ్చినవాళ్ళను పోలీసులా నిలదీస్తోంది. ఒకావిడ చిలుకకు చాక్లెట్టు పెట్టానని ఒప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఎముక కడుతుంటే పిట్టను అక్క పట్టుకుంటోంది. చెయ్యి వణికినప్పుడు "ఆగు" అంటుంది, ఆగుతాను, మళ్ళీ "కట్టు" అంటుంది. వదులుగా కడితే మొహం మీదే చెబుతోంది, కానీ మనుషులు వెళ్ళాక.

నువ్వడిగిన అర్థం రాద్దామని నిన్న కూర్చున్నాను. క్షమించకపోవడం అంటే ఆ మనిషి మొహం చూడకపోవడం అని రాశాను. ఎదురుగా అక్క పంజరాలు కడుగుతోంది, సగం నీళ్ళు నా నేల మీదే. ఆ కాగితం చించేశాను. ఆ మనిషితో మాట్లాడకపోవడం అని రాశాను. "దూదెక్కడ పెట్టావే?" అని అరిచింది. "మందుల డబ్బా వెనకాల" అన్నాను. అదీ చించాను. ఆ మనిషి అన్న మాట మరిచిపోకపోవడం అని రాద్దామనుకున్నాను. అది నిజమే, మరిచిపోలేదు. కానీ అక్కా మరిచిపోలేదు. ఇద్దరికీ గుర్తున్న మాటకు నా ఒక్కదాని పేరుమీద గడి ఎలా పెట్టను?

"ఏమిటే, ఇందాకట్నుంచీ రాస్తావు, చించుతావు?" అంది.

"గువ్వకు ఉత్తరం" అన్నాను.

"నేనడిగానని రాయి" అంది.

అడిగింది. ఆ గడి పెట్టకు.

పిన్ని